బీడులో ఎవరూ లేరని రాశాను

సూర్యాపేట బస్టాండులో టీ కప్పు ఏటేటా చిన్నదవుతోంది. ఇప్పుడిస్తున్నది దగ్గు మందు సీసా మూతకు అన్నలాంటిది. రెండు తాగితే గానీ ఒకటి తాగినట్టు ఉండదు. ఆ రోజు రెండోది చేతిలో ఉండగానే మా మేనమామ, భుజాన గొంగడితో తిరుమలగిరి బస్సు దిగి, నేరుగా వచ్చి ఎదుట నిలబడ్డాడు.

"అల్లుడా, గుట్ట కింది బీడు సుట్టు కంచె ఏస్తున్నరు. నూరు గొర్లను యాడ మేపాలె?"

నేను సోలార్ కంపెనీకి భూములు సర్వే చేసేవాణ్ణి. అందరికంటే తక్కువ ధరకు కరెంటు ఇస్తామని మా కంపెనీ టెండర్ గెలుచుకుంది. ధర తగ్గాలంటే భూమి చౌకగా, చిక్కుల్లేకుండా దొరకాలి. చిక్కుల్లేవని రాసే ఉద్యోగం నాది. ఎండ అందరిదీ అని మా కంపెనీ క్యాలెండర్ మీద ఉంటుంది. భూమి సంగతి ఎత్తలేదు.

ఆ బీడుకు పట్టాదారులున్నారు. వాళ్లకు మా కంపెనీ నుంచి ఏటా కౌలు వస్తుంది. మామకు పట్టా లేదు. తాతల నాటి నుంచీ అక్కడ గొర్రెలు మేపుకోవడం, బదులుగా పట్టాదారుల చేలలో మంద నిలిపి ఎరువు ఇవ్వడం, అంతే. కాగితం లేని ఒప్పందం.

నేను సర్వేకు వెళ్లింది వరికోతల తర్వాత. ఆ రోజుల్లో మా వైపు మందలన్నీ మిర్యాలగూడ కాల్వల కింద వరి కొయ్యకాళ్లు మేయడానికి పోతాయి. చిన్నప్పుడు నేనూ వాటి వెంట నడిచినవాణ్ణే. అయినా సర్వే ఫారంలో ‘వినియోగం’ అన్న గడిలో ‘లేదు’ అని రాశాను. దస్తూరి మాత్రం చక్కగా కుదిరింది.

మామ వినేలా స్పీకర్ పెట్టి, కోదాడలో ఉండే మా మేనేజరుకు ఫోన్ చేశాను. సర్వేలో తప్పు జరిగింది, మళ్లీ చేద్దామన్నాను.

"టెండరైపోయాక గొర్రెలేంటండీ బాబూ? రిపోర్టులో లేవుగా. సంతకం మీదేగా?"

నాదేనన్నాను. ఆయన పెట్టేశాడు.

వచ్చే సంతకు మంద మొత్తం అమ్మేస్తానని మామ, వాన కబురు చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"కంచె కాడ వాచ్‌మన్ పనేమన్న ఉంటదేమో అడుగుతా మామా," అన్నాను. అంతకంటే గొప్ప ఆలోచన నాకు రాలేదు.

మామ గొంగడి సర్దుకున్నాడు.

"గాయనకు గొర్ల సంగతి తెల్వది. నీకు తెలుసు. మమ్ముల ముంచింది నువ్వేరా."