నలభై నిమిషాల కాగితం

ఆమె ఫోన్ చేసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ ఎత్తింది నేనే. మా ఆఫీసు కంప్యూటర్ మాత్రం ఇంకోలా చెప్పింది. ఆమె అత్తగారింటి వాళ్లు కంప్యూటర్‌నే నమ్మారు. అందుకే ఈ సంగతి అన్నిటికన్నా ముందు రాసిపెడుతున్నాను.

అప్పుడు నేను ఎల్బీనగర్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. ఊపిరితిత్తులు పాడైనవాళ్లకి ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ మిషన్లు కిరాయికిచ్చే కంపెనీ. మిషన్ కరెంటు మీద నడుస్తుంది కాబట్టి ఇన్వర్టరు, బ్యాటరీ, అత్యవసరానికి ఒక చిన్న సిలిండర్ కూడా మేమే ఇచ్చేవాళ్లం. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ కోర్సు చేసి, ఎవరితోనూ మాట్లాడనక్కరలేని పని కావాలని వెతుక్కున్నాను. దొరికింది ఫోన్లెత్తే పని. మొదట్లో నాలుగో రింగు దాకా ఎత్తేదాన్ని కాదు. తర్వాత మాటల వెనక చప్పుళ్లు వినడం అలవాటైంది. ఒక ఇంట్లో ఎప్పుడూ కుక్కర్ కూసేది. ఒక ఇంట్లో ఎవరో పిల్లలకి ఎక్కాలు చెప్పేవారు. అవన్నీ ఇంటికెళ్లి డైరీలో రాసుకునేదాన్ని. మనుషుల్ని చూడకుండానే వాళ్ల ఇళ్లు తెలిసేవి.

ప్రతి ఇంటితోనూ ఒక ఒప్పందం ఉండేది. మిషన్‌కి గానీ బ్యాటరీకి గానీ ఏమైనా అయితే, ఫిర్యాదు అందిన నాలుగు గంటల్లోగా మా మనిషి గుమ్మంలో ఉండాలి. మా మేనేజర్ సార్ గుంటూరు వైపు మనిషి, శుభ్రంగా పనిచేసేవాడు. ఆ ఒప్పందాన్ని ఆయన గోడబోర్డు మీద గళ్లుగా, బాణాలుగా గీసి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఫోన్ రాగానే గడియారం మొదలవుతుంది. ఫిర్యాదు టెక్నీషియన్ ఫోన్‌కి మెసేజ్‌గా వెళ్తుంది. అతను ఇంటికి చేరి తిరిగి మెసేజ్ కొడితే గడియారం ఆగుతుంది. నాలుగు గంటల్లోపైతే ఆకుపచ్చ, దాటితే ఎరుపు. నెలాఖరున ఎన్ని ఆకుపచ్చ, ఎన్ని ఎరుపు అన్నది ఓనరు దగ్గరికి వెళ్తుంది. నాకు ఆ బొమ్మ నచ్చేది. ఎక్కడ ఏది చిక్కుకుంటుందో వేలు పెట్టి చూపించొచ్చు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. నెలలో ఏదో ఒక బందు ఉండేది. ఎల్బీనగర్ చౌరస్తాలో టైర్లు కాలుతుంటే టెక్నీషియన్ ఎలా వెళ్తాడు? అందుకని ఒప్పందంలో ఒక వాక్యం కలిపారు, బోర్డు మీద ఒక గడి పెరిగింది. బందు రోజు గడియారం ఆగాలి. మేనేజర్ సార్ పొద్దున రాగానే ఆపేవాడు, సాయంత్రం రోడ్లు తెరుచుకోగానే తిప్పేవాడు. ఆగి ఉన్నంతసేపూ ఫిర్యాదులు తెర మీద బూడిద రంగులో ఉండేవి, టెక్నీషియన్లకు మెసేజ్ వెళ్లేది కాదు. సాయంత్రం అన్నీ ఒక్కసారిగా కదిలేవి. అందులో తప్పేమీ ఎవరికీ కనబడలేదు.

తర్వాత సకల జనుల సమ్మె మొదలైంది.

బస్సులు ఆగిపోయాయి. సరూర్‌నగర్ నుంచి ఆఫీసుకి షేర్ ఆటో దొరికితే ఆటో, లేకపోతే నడక. బొగ్గు గనుల్లోనూ సమ్మె కావడంతో కరెంటు కోతలు పెరిగాయి. అల్మాస్‌గూడ లాంటి చోట్ల పొద్దునా సాయంత్రం గంటల తరబడి పోయేది. సమ్మెలో రోడ్లు మూసిన మొదటి రోజు మేనేజర్ సార్ ఎప్పట్లాగే గడియారం ఆపాడు. సాయంత్రం తిప్పలేదు. బందుకి సాయంత్రం ఉంటుంది. సమ్మెకి సాయంత్రం ఎప్పుడో ఎవరికీ తెలియదు, మా బోర్డు మీద గడికీ తెలియదు.

ఆ మర్నాడు ఆమె మొదటిసారి ఫోన్ చేసింది.

"మేడం, అల్మాస్‌గూడకెళ్లి మాట్లాడుతున్న. బ్యాటరీ నిలుస్తలేదు. కరెంటు పోంగనే మిషన్ బందైతున్నది. మా ఇంటాయనకు ఆయాసమొస్తున్నది."

వెనక నీళ్ల ట్యాంకర్ ఇంజిను మోత, బిందెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు. ఎవరో ఆడమనిషి "లైన్ల రావే, లైన్ల రా!" అని అరుస్తోంది. ఈమె చెవి మూసుకుని మాట్లాడుతున్నట్టుంది, గట్టిగా అరిచి చెప్పింది.

ఆ ఇల్లు నాకు తెలుసు. భర్త నల్గొండ దగ్గర రాళ్ల క్వారీలో పనిచేసి, ఆ దుమ్ముకి ఊపిరి పోగొట్టుకున్నాడు. దవాఖానకి దగ్గరని అల్మాస్‌గూడలో ఆయన అన్న ఇంటి వెనక గదిలోకి వచ్చారు. ఆమె జాకెట్లు కుట్టేది.

"చిన్న సిలిండర్ ఉన్నది గదా అక్కా?" అన్నాను.

"ఉన్నది. గది ఒక్క పూటకొస్తది. జర జల్ది పంపుండ్రి."

ఫిర్యాదు ఎక్కించాను. వెంటనే బూడిద రంగులోకి పోయింది. మేనేజర్ సార్ దగ్గరికెళ్లి నిలబడ్డాను. ఆయన తల ఎత్తేదాకా మాట్లాడలేకపోయేదాన్ని.

"ఏంటమ్మా?"

"సార్, అల్మాస్‌గూడ ఫిర్యాదు హోల్డ్‌లో ఉంది. ప్రాణం మీది కేసు."

"రోడ్లన్నీ మూసేశారు కదా. దారి తెరిస్తే అదే కదుల్తుంది. ఇప్పుడు గడియారం తిప్పితే అన్నీ ఎర్రగా అయిపోతాయి, ఓనరుగారు నన్ను ఉతికి ఆరేస్తారు. కూర్చో."

టెక్నీషియన్లకి మేము నేరుగా ఫోన్ చేయకూడదని ఆఫీసులో కట్టడి. మెసేజ్‌లో లేని పని లెక్కలోకి రాదు, పెట్రోలూ రాదు. అందరికీ ఒకే వరస ఉండాలని పెట్టిన పద్ధతి అది.

రెండోసారి ఆమె ఫోన్ చేసినప్పుడు వెనక ఏ చప్పుడూ లేదు. కరెంటు లేని ఇంటి నిశ్శబ్దం. "నిన్న చెప్పిన గదా మేడం. ఎవ్వలు రాలే." ఫిర్యాదు కింద 'మళ్లీ ఫోన్ చేశారు' అని రాసే చోటుంది, రాశాను. సార్‌కి చెప్పాను. ఆయన కిటికీలోంచి చౌరస్తా వైపు చూపించాడు. రోడ్డు మధ్యలో షామియానా, కింద జనం, మైకులో పాట.

మూడోసారి ఆ మర్నాడు మధ్యాహ్నం. "సిలిండర్ గూడ అయిపోయింది చెల్లె," అంది. అప్పటిదాకా మేడం అన్న మనిషి చెల్లె అంది. ఆ మాట వెనక ఆయన ఊపిరి వినబడుతోంది, రంపం ఆడుతున్నట్టు.

ఫోన్ పెట్టేసి, అల్మాస్‌గూడ వైపు చూసే టెక్నీషియన్‌కి నా ఫోన్ నుంచి చేశాను. భువనగిరి దగ్గరి మనిషి, అందరితోనూ హాస్యమాడేవాడు.

"ఏంది చెల్లె, నీ గొంతు గింత పెద్దగున్నదని నాకు తెల్వదే!"

"అన్నా, అల్మాస్‌గూడ బ్యాటరీ..."

"ఏం బ్యాటరీ? నాకేం మెసేజ్ రాలే. మెసేజ్‌లు బందైనయంటే ఆఫీసు గూడ సమ్మెల గూసున్నదనుకున్న. మీ గుంటూరు సార్ గూడ జై తెలంగాణ అన్నడేమో అని మస్తు ఖుషైన."

విషయం చెప్పాను. నవ్వు ఆగిపోయింది. "ఒస్తున్న," అన్నాడు.

అతను స్కూటర్ మీద వచ్చేలోపు నేను చెబితే మేనేజర్ సార్‌కి కూడా సంగతి అర్థమైంది. మెసేజ్‌లు సాయంత్రాలు కూడా వెళ్లడం లేదని ఆయనకి అప్పుడే తట్టింది. తెర ముందు కూర్చుని ఆ ఒక్క ఫిర్యాదుకి గడియారం తిప్పాడు. అది ఆకుపచ్చగా వెలిగింది.

కొత్త బ్యాటరీ స్కూటర్‌పై కాళ్ల దగ్గర పెట్టుకుని అతను, చిన్న సిలిండర్ ఒళ్లో పెట్టుకుని వెనక నేను. నేనెందుకు ఎక్కానో తెలియదు, ఎవరూ ఎక్కమనలేదు. సాగర్ రింగ్ రోడ్డు దగ్గర వంటావార్పు నడుస్తోంది. రోడ్డుకడ్డంగా పొయ్యిలు, గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. కండువాలేసుకున్నవాళ్లు చేతులడ్డం పెట్టారు.

"యాడికన్నా? బందున్నది కనబడ్తలేదా?"

"తమ్మీ, ఆక్సిజన్. అల్మాస్‌గూడల మనిషి ఊపిరాడక కొట్టుకుంటుండు."

అడిగినవాడు నా ఒళ్లోని సిలిండర్ చూశాడు. వెనక్కి తిరిగి "ఏయ్, పొయ్యి జరపుండ్రి! దవాఖాన బండి!" అని కేకేశాడు. నలుగురు ఉడుకుతున్న గుండిగని గుడ్డలతో పట్టుకుని పక్కకి జరిపారు. ఒకతను స్కూటర్ ముందు పరిగెత్తి జనాన్ని తప్పించాడు. అక్కడ మేము ఆగింది ఒక ఊపిరి తీసుకునేంత సేపు. దాటాక టెక్నీషియన్ వెనక్కి తిరగకుండానే అన్నాడు: "రోడ్డు ఏనాడు బందు లేదు చెల్లె. అడిగినోడే లేడు."

అల్మాస్‌గూడలో ఆ సందు మొగదలే పొరుగామె ఎదురొచ్చింది. ఆయన్ని అప్పుడే ఆటోలో దవాఖానకి తీసుకుపోయారంది. దారిలోనే పోయాడని, మేము అక్కడే నిలబడి ఉండగా పొరుగామె ఫోన్‌కి కబురొచ్చింది. వెనక గది తలుపు తెరిచే ఉంది. కుట్టుమిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు, మంచం పక్కన మా మిషన్. అంతలో కరెంటు వచ్చింది. మిషన్ తనంతట తానే మొదలై, ఎవరూ లేని గదిలో గాలి వదులుతూ కూర్చుంది. టెక్నీషియన్ లోపలికెళ్లి స్విచ్ ఆపాడు. తర్వాత అలవాటు ప్రకారం, చేరుకున్నట్టు మెసేజ్ కొట్టాడు.

వారం తిరిగాక ఆమె ఆఫీసుకి వచ్చింది. అప్పుడే ఆమె ముఖం చూశాను. నేననుకున్నదానికన్నా చిన్నది, నాకన్నా నాలుగైదేళ్లు పెద్దదేమో. బావగారు, అంటే భర్త అన్న, బయట ఆటోలో కూర్చున్నాడట.

"నేను ఫోన్ చేసిన్నని ఒక కాయిదం ఇయ్యుండ్రి సార్," అంది మేనేజర్‌తో. "ఫోన్ చేస్తే కంపినోళ్లు రాకుంటరా అంటుండు మా బావ. చెయ్యనే చెయ్యలే, కుట్టుడు మీద పడి చూసుకోలే అని మా అత్త ఊరంత చెప్తున్నది. గా గదిల ఉండనిస్తరో ఎల్లగొడ్తరో..."

ఆమె సెల్‌లో అన్ని ఫోన్ల వరసా చూపించబోయింది. పాత సెల్, చివరి పది నంబర్లే ఉంటాయి. చావు కబుర్లు చెప్పిన ఫోన్లతో నిండిపోయి ఉంది.

మేనేజర్ సార్ తెర మీద ఆ ఫిర్యాదు తెరిచాడు. చెడ్డవాడు కాదాయన. ఓనరు ఏమన్నాడో, ఏ భయం పెట్టాడో నాకు తెలియదు. చివరికి ప్రతి ఫిర్యాదుకీ కంప్యూటర్ తయారుచేసే కాగితమే తీసిచ్చాడు. "మా దగ్గర ఇదొక్కటే ఉంటుందమ్మా."

అందులో గడియారం నడిచిన సమయమే పడుతుంది. ఆగిన సమయం గానీ, ఫోన్ వచ్చిన రోజు గానీ పడదు. 'ఫిర్యాదు నుంచి రాకకు: నలభై నిమిషాలు. ఒప్పందం లోపల.' నేను రాసిన 'మళ్లీ ఫోన్ చేశారు' ఆ కాగితంలోకి రాదు. దాన్ని కొలవరు కాబట్టి అచ్చువేయరు.

ఆమె చదువుకోలేదు. రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుంది. బయటికెళ్లి బావగారికిచ్చింది. ఆయన ఆటోలో కూర్చునే చదివాడు. అద్దాల తలుపులోంచి చూస్తున్నాను. మాట వినబడలేదు, ఆయన వేలు కాగితం మీద ఒకచోట గుచ్చడం మాత్రం కనిపించింది. కంపెనీ నలభై నిమిషాల్లో వచ్చింది. అంటే ఆయన లెక్కలో ఆమె ఫోన్ చేసింది భర్త పోవడానికి నలభై నిమిషాల ముందు.

పదకొండో దినానికి వెళ్లాను. టెక్నీషియన్ తీసుకెళ్లి సందు మొగదల దింపాడు, లోపలికి రానన్నాడు. మిషన్ వెనక్కి తెచ్చినప్పుడు వాళ్లు అతన్ని చాయ్ తాగమని కూర్చోబెట్టి, టైముకి వచ్చినందుకు మెచ్చుకున్నారట. అది అతనికి మింగుడు పడలేదు. నడవలో చాపల మీద చుట్టాలు. నేను అంతమంది ముందు ఎప్పుడూ నోరు తెరవలేదు. బావగారి ముందుకెళ్లి నిలబడ్డాను.

"పెద్దనాయినా, నేను కంపెనీల ఫోన్లెత్తేదాన్ని. అక్క మూడుసార్లు చేసింది. మొదటిది ఆయన పోయేదానికి రెండు రోజుల ముందు."

ఆయన చొక్కా జేబులోంచి ఆ కాగితమే తీశాడు. అప్పటికే మడతల దగ్గర నలిగిపోయింది. ఎంతమందికి చూపించాడో.

"దీంట్ల నలభై నిమిషాలని ఉన్నది గదా బిడ్డా."

"గది మేం లెక్కబెట్టిన టైం. ఆమె ఎదురుచూసిన టైం కాదు."

"మరి ఎదురుచూసిన టైం లెక్క యాడున్నది?"

"యాడ లేదు. నేనే చెప్తున్న."

ఒక మూల నుంచి అత్తగారు అంది: "దీనికి దోస్తుంటది. చెప్పిచ్చుకుంటున్నది." ఎవరో నవ్వారు. బావగారు నవ్వలేదు. కాగితం మళ్లీ అవే మడతల్లో మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తిని పో బిడ్డా," అన్నాడు, అంతే.

తినలేదు. బయటికొస్తుంటే ఆమె వెనకే వచ్చింది. గేటు పట్టుకుని నిలబడి, లోపలికి వినబడకుండా అడిగింది.

"చెల్లె, నేను నిజంగ చేసిన్నా? అందరు చెయ్యలే చెయ్యలే అంటుంటే నాకే అనుమానమైతున్నది. రాత్రిపూట యాదికి తెచ్చుకుంటుంటే ఏమొస్తలేదు. ఏం టైముకు చేసిన్నో గూడ తెలుస్తలేదు."

"పొద్దుగాల చేసినవక్కా. నీళ్ల ట్యాంకర్ ఒచ్చి ఉండె. ఎవరో లైన్ల రావే, లైన్ల రా అని అరుస్తుండె. నీకు వినబడక నువ్వు గూడ అరిచి చెప్పినవ్."

ఆమె సందు చివర ట్యాంకర్ ఆగే చోటు వైపు చూసింది.

"అవు," అంది. "ఆ రోజు నీళ్లొచ్చినయ్. నేను బిందెలు ఇడిచిపెట్టి ఫోన్ చేసిన."