ఓబులమ్మత్త ఎంచిన చిల్లుల మ్యాటు

ప్రొద్దుటూరులో పశువుల సామాన్లు అమ్మే అంగడిలోకి అడుగు పెట్టగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. ఎండలో ఉడికిన లారీ టైరు వాసనకు కాస్త గంధకం ఘాటు కలిసినట్టుంది. ఇప్పుడు మేం ఉంటున్న ముద్దనూరు దగ్గర కొత్తగా కట్టుకున్న పశువుల కొట్టానికి నేల మీద పరిచే మ్యాట్లు కొనాలని నేనూ మా ఆయనా పొద్దున్నే బస్సెక్కి వచ్చాం. అంగడాయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మ్యాట్లు ఒక్కొక్కటే తెచ్చి కాళ్ల ముందు పరుస్తూ వాటి గొప్పలు చెబుతున్నాడు. ఆ వాసన లోపలికి పోయేకొద్దీ ఆయన మాటలు నాకు వినబడటం మానేశాయి. కొంగు నడుముకు దోపుకొని, లేచి, అంతమంది చూస్తుండగా ఒక మ్యాటు మీద మోకాళ్లతో దభీమని కూలబడ్డాను. పాపం, ఆయన నాకు కళ్లు తిరిగాయనుకొని నీళ్లు తెమ్మని కేకేశాడు. మా ఆయన మాత్రం ఉన్నచోటి నుంచి కదల్లేదు. నేను ఈ విద్య ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఆయనకు తెలుసు.

ఓబులమ్మత్త నాకు బంధువు కాదు. జమ్మలమడుగు దాటి, పెన్న దాటి పోతే వచ్చే మా అత్తగారి ఊళ్లో మా పక్కింటి మనిషి. భర్త పోయాడు, ఒక్కగానొక్క కూతుర్ని పులివెందుల అవతల లింగాలలో ఇచ్చింది. వాళ్లది గొర్రెలు కాసిన వంశం. గొర్రెలు పోయి ఆవులు మిగిలాయి, ఆ ఆవులే ఆమె సంసారం. నేను కొత్తకోడలిగా పోయినప్పుడు ఆ ఊరు నిలువునా రెండుగా చీలి ఉండేది. మీదివీధిది ఒక పార్టీ, కిందివీధిది ఇంకో పార్టీ. టీ అంగళ్లు రెండు, మంగళి షాపులు రెండు, పెళ్లి పిలుపులు కూడా రెండు రకాలు. ఎవరి ట్రాక్టరెక్కితే వాళ్ల మనిషివి, ఎవరి దగ్గర సాయం అడిగితే వాళ్ల ఓటువి. మా వాళ్లు మీదివీధి పార్టీ అని నాకు తాళి కట్టిన రోజే తెలిసింది. అటు ఇటు రెండు వీధుల ఆడవాళ్లూ కలిసి కూర్చునే అరుగు ఊరంతటికీ ఒక్కటే ఉండేది, అది ఓబులమ్మత్త కొట్టం ముందరిది. ఈనే ఆవుకు సాయం కావాలన్నా, పిల్లలకు మజ్జిగ కావాలన్నా అందరూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ఏ పార్టీలోనూ లేకపోవడమే ఆమె ఆస్తి. దాన్ని ఆమె ఆవులకంటే జాగ్రత్తగా కాపాడుకునేది.

మా వైపు రాతికి కొదవ లేదు. గోడకు బండ, మిద్దెకు బండ, చేను గట్టుకు బండ. అందుకే ఓబులమ్మత్త కొట్టం నేల కూడా బండలతోనే వేయించింది. వేయించడంలో మాత్రం తన తెలివి చూపించింది. బండల్ని బద్దలుగా కోయించి, బద్దకూ బద్దకూ మధ్య వేలెడు సందు వదిలి పరిపించింది. కింద మనిషి పడుకుంటే సరిపోయేంత లోతున గుంత. పేడా ఉచ్చా సందుల్లోంచి కిందికి జారిపోతాయి, వెనక గోడకు ఉన్న చిన్న బండను పక్కకు జరిపి బయటినుంచే పారతో లాగేసుకోవచ్చు. కొట్టం ఎప్పుడు చూసినా కడిగినట్టు ఉండేది, దాన్ని చూడటానికి పక్క ఊళ్లవాళ్లు కూడా వచ్చేవాళ్లు. ఆ పొగడ్తలు వింటూ నడుం మీద చేతులు వేసుకొని నిలబడేది చూడండి, అచ్చం జమీందారిణి. అయితే తడిసిన బండ మీద గిట్ట ఆగదన్న సంగతి ఆమెకు తట్టలేదు. మా ఊళ్లో ఎవరికీ తట్టలేదు, బండ తప్ప ఇంకో నేల ఎరిగితే కదా. చూడి ఆవు ఎర్రది ఒకసారి వెనక్కాళ్లు రెండూ చెరోవైపు జారి చతికిలబడింది. దాన్ని లేపడానికి రెండు వీధుల మగవాళ్లూ పట్టవలసి వచ్చింది. ఇంకోసారి పడితే లేవదని, కడుపులో దూడ కూడా దక్కదని జమ్మలమడుగు నుంచి వచ్చిన డాక్టరు చెప్పి వెళ్లాడు. ఆ తర్వాత ఆవులు పడుకోవడానికే భయపడ్డాయి. రాత్రింబగళ్లు నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయాయి. అత్త కూడా వాటితోపాటు సగం ఎండిపోయింది.

సంగతి తెలిసి మీదివీధి నాయకుడు కబురు పంపాడు. సిమెంటు ఫ్యాక్టరీల పాత సామాను అంతా ఆయన చేతిలోనే ఉండేది. సున్నపురాయి మోసి అరిగిన పెద్ద పెద్ద రబ్బరు బెల్టులు ఊరికే పడున్నాయి, ఒక చుట్ట పంపిస్తాను, నేల మీద పరుచుకో అన్నాడు. సర్పంచి ఎలక్షన్లు దగ్గరపడుతున్న రోజులవి. మా మామగారు సంబరంగా మోసుకొచ్చిన ఆ కబురు విని అత్త గడ్డి చీల్చడం ఆపలేదు.

"ఆ బెల్టు మింద నా ఎర్రావు పండుకుంటే, తెల్లారేసరికి ఆవు గూడా మీ పార్టీదే అయితాది. నాకొద్దప్పా. నా గొడ్లకు నేనే కొనుక్కుంటా" అంది.

మర్నాడే నన్ను తోడు తీసుకొని ప్రొద్దుటూరు బయలుదేరింది. నాకు అప్పటికి పిల్లల్లేరు, ఇంట్లో అత్తగారి చూపుల కింద ఉక్కపోసేది, ఎక్కడికి రమ్మన్నా పరుగెత్తేదాన్ని. బంగారు అంగళ్లూ బట్టల అంగళ్లూ దాటి, బెల్టులూ గొట్టాలూ అమ్మే వీధిలో ఆ పొద్దంతా తిరిగాం. ప్రతి అంగట్లోనూ అదే తంతు. రబ్బరు పలక కింద పరిపించేది, చెప్పులు విడిచేది, మోకాళ్ల మీద దబ్బున పడేది. నొప్పి పుడితే తల అడ్డంగా ఊపి, చెయ్యి నా వైపు చాపి "లేపమ్మే" అనేది. ఒకచోట షావుకారు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆవు పడుకోవాలన్నా లేవాలన్నా బరువంతా ముందు మోకాళ్ల మీదే పడుతుందని, నీ మోకాళ్లతో నువ్వూ ఒకసారి పడి చూడమని ఆయన్ను కూడా కిందికి దింపినంత పని చేసింది. ఆ తర్వాత నీళ్లు తెప్పించి పలక మీద పోయించేది, నా చేత బిరబిరా నడిపించేది, జారితే పనికిరాదనేది. చివరికి రెండు మిగిలాయి. ఒకటి నున్నగా, మందంగా, పరుపులాగా ఉంది. ఇంకోదానికి ఒళ్లంతా చిల్లులు. నేను మందంగా ఉన్నదే తీసుకోమన్నాను, ఎర్రావుకు మెత్తగా ఉంటుందని నా ఆశ.

ఆమె చిల్లుల మ్యాటును ఎత్తి ముఖానికి అడ్డంగా పట్టుకుంది. చిల్లుల్లోంచి ఆమె కళ్లు నన్ను చూస్తున్నాయి. "పైన మెత్తగుంటే సాలదు పిల్లా. కిందికి పోవాల్సింది పోవల్ల, పైకి రావాల్సిన గాలి రావల్ల. గాలి ఆడని కాడ ఏ జీవమూ బతకదు" అంది.

ఆ మ్యాట్లు ఊరికి చేర్చడం ఇంకో కథ. ఊళ్లో ఉన్న ట్రాక్టర్లన్నిటికీ పార్టీ ఉంది. అందుకని బస్సు టాపు మీద కట్టించింది. ఏ పార్టీలోనూ లేని బండి ఇదొక్కటే అని దారి పొడుగునా నన్ను నవ్విస్తూనే వచ్చింది. బండల సందులకు సరిగ్గా చిల్లులు వచ్చేట్టు ఇద్దరం కలిసి పరిచాం. ఎర్రావు మొదట వాసన చూసింది, కాలితో తట్టింది, తర్వాత మోకాళ్లు వంచి మెల్లగా పడుకుంది. మిగతావీ ఒకదాని వెనక ఒకటి పడుకొని నెమరు వేయసాగాయి. అత్త అరుగు మీద కూర్చొని వాటినే చూస్తూ కళ్లు తుడుచుకుంది. నా ఇరవయ్యేళ్ల ప్రాయంలో నేను చూసిన అందమైన దృశ్యం ఏదంటే ఇప్పటికీ అదే చెబుతాను.

ఎలక్షన్లు వచ్చాయి. మా ఆయన ఒట్టి సాధువు, చేనూ ఇల్లూ తప్ప ఎరగడు. అయినా మా మామగారు మాట ఇచ్చారని తీసుకుపోయి బూత్‌లో పార్టీ ఏజెంటుగా కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో కూర్చున్నవాడి మీద అవతలివాళ్ల కన్ను పడుతుందని ఓబులమ్మత్త ముందే హెచ్చరించింది. మీదివీధి స్వల్పంగా గెలిచింది. మర్నాడు పొద్దున నేను అత్త కొట్టంలో ఉన్నాను. పాలు పితకడం అయిపోయింది, ఆవులు పడుకొని ఉన్నాయి. వెనక కంచె దూకి మా ఆయన ఊపిరి అందకుండా పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనక కిందివీధి వైపునుంచి అరుపులు. అత్త గబగబా కొట్టం వెనక్కి పోయింది. వెనక గోడ బండను జరిపి "దూరు" అంది. ఆయన ఆ పేడగుంతను చూసి ఒక్క క్షణం తటపటాయిస్తే, మెడ పట్టి లోపలికి తోసింది. బండను మూసి, ఏమీ ఎరగనట్టు వచ్చి ఆవులకు పెట్టే గానుగ చెక్క నలగ్గొడుతూ కూర్చుంది. గడ్డి గంప నా ముందుకు తోసి, గడ్డి చీలుస్తూ ఉండమంది.

వచ్చినవాళ్లకు ముందు నడిచేది చెన్నప్ప. కిందివీధి మనిషే, అత్త చేతి మజ్జిగ తాగి పెరిగినవాడు. చేతిలో కొడవలి ఉంది. ఎవరైనా ఇటు వచ్చారా అని అడిగాడు.

"కండ్లుండాయి గదా, చూసుకో నాయనా" అంది అత్త.

వెంట ఉన్న కుర్రవాడొకడు కట్టె పట్టుకొని ఆవుల మధ్యకు పోబోయాడు. చెన్నప్ప అతని చెయ్యి పట్టి ఆపాడు. "యాడికి పోతాండావురా? గొడ్లు నెమరేస్తాండాయి చూడు. మనిషి దూరింటే బెదిరి లేచి నిలబడుండవా?" అన్నాడు. గొడ్ల మధ్య పెరిగినవాళ్లకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఎర్రావు గుంతలో ఉన్న మా ఆయన గుండెలకు సరిగ్గా పైన పడుకొని కళ్లు అరమోడ్చి నములుతూనే ఉంది. అదే వట్టి బండ అయ్యుంటే ఆవులన్నీ లేచి నిలబడి ఉండేవి, వాళ్లు కిందికి తొంగి చూసి ఉండేవాళ్లు. పోతూ పోతూ చెన్నప్ప వెనక్కి తిరిగి, దప్పికగా ఉందని మజ్జిగ అడిగాడు. అత్త లేచి ముంచి ఇచ్చింది. ఎప్పటిలాగే చెంబు అంచు కొంగుతో తుడిచి మరీ అందించింది. అతను నిలబడే తాగాడు. ఆ గుటకలు చిల్లుల కింద ఉన్న తనకు వినబడ్డాయని మా ఆయన ఎన్నో ఏళ్లకు ఒక్కసారి మాత్రం నాతో అన్నాడు.

ఆయన ప్రాణం దక్కింది. దాచిన సంగతి మాత్రం దాగలేదు. మా ఇంట్లో సంగతి తెలుసుకొని, సాయంత్రానికల్లా మా పార్టీ కుర్రాళ్లే టీ అంగట్లో గొప్పగా చెప్పుకున్నారు. మరుసటి రోజు చెన్నప్ప ఎప్పుడో తీసుకుపోయిన చెంబొకటి తెచ్చి, అత్త అరుగు మీద బోర్లించి, ముఖం చూడకుండా వెళ్లిపోయాడు. కొడవలి ఎత్తి ఉంటే ఆమె అంత బాధపడేది కాదు. కిందివీధి ఆడవాళ్లు రావడం మానేశారు. మీదివీధి నాయకుడు సంతోషంగా బెల్టు చుట్టా, దాంతోపాటు ఒక జెండా ట్రాక్టరులో పంపించాడు. రెండింటినీ వెనక్కి తిప్పేసినా లాభం లేకపోయింది. ఊరు ఆమెను మా పార్టీ మనిషి అనేసింది. ఎర్రావు ఈనేవరకు ఆగి, ఆవుల్ని అమ్మేసి, ఆమె లింగాలలో కూతురి దగ్గరికి వెళ్లిపోవడానికి సిద్ధమైంది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు నేను ఏడుపు ఆపుకోలేక, నా మూలంగానే నీ ఊరు పోయింది కదత్తా అన్నాను.

ఆమె నా చెవి మెలిపెట్టింది. "ఊరిదేముందే, ఇంగోటి దొరుకుతాది. మొగుడు యాడ దొరుకుతాడు నీకు? పో, వాడికింత కూడు పెట్టు" అని బస్సెక్కింది. కిటికీలోంచి నా వైపు చూడలేదు, కొట్టం వైపు చూసింది.

తర్వాత లింగాలకు ఒకసారి పోయి చూసి వచ్చాను. రెండు మేకల్ని కట్టుకొని, వాటిని తిట్టుకుంటూ బాగానే ఉంది. కిందివీధి ఆడవాళ్లను పేరుపేరునా అడిగింది, చెన్నప్ప పిల్లల్ని కూడా అడిగింది. ఆమె పోయిన కబురు మాకు అన్నీ అయిపోయాక అందింది. ఇన్నేళ్లలో ఆవు ఈనినప్పుడల్లా, ఎవరైనా మాటకు మాట విసిరి నవ్వించినప్పుడల్లా ఆమె కావాలనిపిస్తుంది. కన్నతల్లి మీద కూడా నాకింత బెంగ లేదు.

అంగడాయన ఇచ్చిన నీళ్లు పక్కన పెట్టి నేను ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాను. చిల్లులు లేని మ్యాటే ఈమధ్య అందరూ తీసుకుపోతున్నారని, చూడటానికి కూడా బాగుంటుందని ఆయన నచ్చజెబుతున్నాడు. నాకు తెలియకుండానే నా చెయ్యి పక్కకు చాచుకుంది, లేపడానికి ఓబులమ్మత్త అక్కడ ఉన్నట్టు. మా ఆయన ఆ చెయ్యి చూడలేదు. మూలనున్న చిల్లుల మ్యాటును రెండు చేతులా ఎత్తి ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. కళ్లు మూసుకొని, నిదానంగా ఊపిరి పీల్చాడు, వదిలాడు, మళ్లీ పీల్చాడు. ఆ ఒక్కసారి తప్ప ఆ పొద్దు గురించి నోరు విప్పని మనిషి.

"గాలి ఆడతాంది. ఇదే తీసుకుందాం" అన్నాడు.