పోలయ్య ఎడమ పక్క

ఒక మనిషి దాచుకున్న లోపాన్ని ఊరందరి ముందూ బయటపెట్టించి, ఆ నింద ఇంకొకడి మీద పడితే నోరు మూసుకుని ఊరుకున్నాను. ఇన్నేళ్లూ అదే మోస్తున్నాను. ఎవరైనా దగ్గరైతే వాగేస్తానేమోనని పెళ్లి కూడా చేసుకోలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేనూ పెంచలయ్యా మద్రాసులో దొరలు రగ్బీ ఆడే మైదానంలో గడ్డి కోసేవాళ్లం. చూసి చూసి ఆట నేర్చుకున్నాం. అరవైల మొదట్లో ఆ పని పోయింది. పులికాట్ సరస్సు ఒడ్డున పక్కపక్కనే ఉన్న మా పల్లెలకు చెరొక పాత బంతితో తిరిగొచ్చాం. వాడు వాళ్ల ఊరివాళ్లకు నేర్పాడు. నేను మావాళ్లకు.

నేను నేర్పిన కిటుకు ఒకటే. ఇసుకలో రెండు తెడ్లు పాతి, అవే ఎదుటివాళ్లనుకోమనేవాణ్ణి. మావాళ్లు ముగ్గురు పరుగెత్తాలి. బంతి ఉన్నవాడు నేరుగా ఎదుటివాడి మీదికే పోయి, వాడు తనను పట్టుకోబోయే క్షణంలో బంతిని బయటి పక్కవాడికి విసరాలి. ఇద్దరు ముగ్గురిని ఆపలేరు. చివరివాడికి దారి దొరుకుతుంది.

రెండు ఊళ్లకూ పోటీ కుదిరింది. నాలుగు రోజుల ముందు సూళ్లూరుపేట సంతలో పెంచలయ్య నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, మా బావ పోలయ్యకు ఎడమ కన్ను అగపడదు. పడవ ఆసామికి తెలిస్తే వేటకు రానీడు. ఆడొద్దంటే వినడంలా. మీవాళ్లని ఆ పక్కకు రానీబాకన్నా."

"అట్నేలే" అన్నాను.

ఆ సాయంత్రమే మావాళ్లకు ఆ పక్కకే పరుగెత్తడం నేర్పాను. కారణం చెప్పలేదు. ఎందుకు చేశాను? గెలవాలనా? మద్రాసులో ఒక దొర పెంచలయ్య భుజం తట్టి నన్ను చూడనైనా చూడకుండా పోయాడనా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

పోటీలో మా చివరివాడు పోలయ్యకు ఎడమ పక్కన మూరెడు దూరంలో దూసుకుపోయినా అతను తల తిప్పలేదు. మొదటిసారి జనం నవ్వారు. నాలుగోసారికి ఎవరూ నవ్వలేదు. పడవ ఆసామి లేచి వచ్చి, పోలయ్య ఎడమ పక్కన నిలబడి చెయ్యెత్తాడు.

"ఎన్ని వేళ్లురా, పోలయ్యా?"

వేళ్లు చూడ్డానికి పోలయ్య తల మొత్తం అటు తిప్పాల్సి వచ్చింది. అటు మావాళ్లు గెలుపు కేకలు వేస్తున్నారు. నేనూ చెయ్యి ఊపినట్టు గుర్తు.

తర్వాత అతన్ని ఏ పడవా ఎక్కించుకోలేదు. నాయుడుపేటకు పోయి బస్తాలు మోశాడు. గుట్టు చెప్పింది బామ్మర్దేనని తేల్చుకుని, భార్యను మళ్లీ తమ్ముడి గడప తొక్కనివ్వలేదు.

పెంచలయ్య నా దగ్గరికొచ్చాడు. "అన్నా, నువ్వు గానీ ఆ పక్కకే పొమ్మన్నావా?"

"లేదురా. ఆటలో అట్ట కుదిరిందంతే."

నమ్మాడు. ఆ తర్వాత కూడా వేట బాగా పడిన రోజు నాకు చేపలు పంపేవాడు. వండుకుని ఒక్కణ్ణే తినేవాణ్ణి.

పోయిన నెల పెంచలయ్య చనిపోయాడు. అక్క వస్తుందేమోనని పాడె లేచేదాకా అందరూ దారివైపే చూశారు. నేనూ చూశాను. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. నాయుడుపేట ఎంత దూరమని? ఆమె గుమ్మం ముందు నిలబడే ధైర్యం నాకెప్పటికైనా వస్తుందో, రాదో.

పెంచలయ్య నాకు చెప్పింది బావను కాపాడమని. ఆ పక్కకే పొమ్మన్నది నేను.

ఈ రెండు ముక్కలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.