గోడవైపు తిరిగిన మా పేర్లు

ఆదివారం, పొద్దున తొమ్మిదిన్నర. గురజాల దగ్గర మా ఊరి పంచాయతీ ఆఫీసు గోడ ముందు జరిగిన సంగతి ఇది. ఆ రోజుల్లో నేను వయసులో ముసలివాణ్ణే గానీ అక్షరాల్లో పడుచువాణ్ణి. అరవై దాటాక రాత్రిబడిలో పలక పట్టినవాణ్ణి కదా, కొత్తగా మీసమొచ్చిన కుర్రాడు అద్దాన్ని వదలనట్టు నేను పెన్ను వదిలేవాణ్ణి కాదు. ఎరువుల బస్తా మీది రాతలు కూడా బిగ్గరగా చదివి జనాన్ని చంపేవాణ్ణి.

మా వీధిలో చూపు మందగించిన అత్త ఒకావిడ ఉంది. (వరసకే అత్త; తిట్టడంలో సొంత అత్తే.) ఆమె ఉయ్యాల్లో ఉండగానే తండ్రి అంకయ్య తెల్లదొరల పటాలంలో చేరి బర్మా యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. ఓడలో వంటపని చేసే ఆమె మనవడు రంగూన్‌లో దిగినప్పుడు, అక్కడి సైనికుల స్మారకం మీద ముత్తాత పేరు చూసి ఫోటో పంపాడు. "రంగూన్ నేనెట్టా పోతారా? అట్టాంటి రాయి మనూళ్ళో పెట్టండి. సచ్చేలోపు మా నాయన పేరు చేత్తో తడుముకుంటా" అంది అత్త.

సరేనని ఊళ్ళో నలుగురం ఫోటో ముందేసుకుని కూర్చున్నాం. సర్పంచ్ భర్త (పదవి ఆమెది, కుర్చీ ఈయనది) మొహం చిట్లించాడు. "ఏందయ్యా ఇది? ఉత్త సచ్చినోళ్ళ పేర్లే! ఆవిష్కరించిందెవరో లేదు, దాత లేడు. రాయంటే ఇట్టాగుంటదా? తెల్లోళ్ళకి రాయటం తెలవదు." మా ఊరి మంచినీళ్ళ ట్యాంకులో నీళ్ళకన్నా దాని మీద పేర్లే ఎక్కువ కాబట్టి, ఆ మాట అందరికీ నచ్చింది. తెల్లవాళ్ళ తప్పు దిద్దడానికి పూనుకున్నాం. "నాపరాయి నాది, నా పేరు పైనుండాల" అన్నాడు రాళ్ళ మిల్లు బావ. "నా సిమెంటు లేకుండా నీ రాయి గాల్లో నిలబడుద్దా?" అన్నాడు సిమెంటు కొట్టు తమ్ముడు. "నా పేరు పక్కన గారు ఏదిరా?" అన్నాడు సర్పంచ్ భర్త. వారం రోజుల కొట్లాట తర్వాత అందర్నీ గారులతో సహా రాసి, చివర్లో 'వాక్య రచన' అని నన్నూ ఇరికించుకుని, రాళ్ళు చెక్కే మస్తాన్ మామకిచ్చాను.

ఆ ఆదివారానికి రాయి ఇంకా గోడకు బిగించలేదు. ముహూర్తం దాటిపోతుందని ఆనించి, కండువా కప్పారు. కొబ్బరికాయ కొట్టారు, కండువా తీశారు, నేను గొంతు సవరించుకుని మొత్తం చదివాను. చప్పట్లు.

"అయిందా? మరి మా నాయన ఏడిరా? నా ఏలు పట్టి చూపీ" అంది అత్త.

ఆమె వేలు పట్టుకుని పైనుంచి మొదలుపెట్టాను. సర్పంచ్ దాటాం, భర్త దాటాం, రాయి దాటాం, సిమెంటు దాటాం, నా దగ్గరకొచ్చాం. రాయి అయిపోయింది, అంకయ్య రాలేదు. ఎవరి పేరు కోసం వాళ్ళం కొట్లాడాం గానీ, కొట్లాటకని దేశం దాటిపోయినాయన తరఫున మాట్లాడినవాడే లేడు.

"మామా, నువ్వన్నా చెప్పొద్దా?" అన్నాను.

"ఎక్కడ పెట్టమంటావు? నీ పేరుకే మూల ఎతుక్కోవాల్సొచ్చె" అన్నాడు మస్తాన్ మామ.

"ఎనక్కి తిప్పండ్రా రాయిని" అంది అత్త.

"అది గరుకు పక్క, అక్కా" అన్నాడు మామ.

"గరుకైతే చేతికి ఇంకా బాగా తగులుద్ది."

సర్పంచ్ భర్త నోరు తెరిచాడు. అత్త కర్ర ఎత్తింది. మూశాడు.

మస్తాన్ మామ ఉలి పట్టాడు, మధ్యాహ్నానికల్లా గరుకు పక్క అంకయ్య ఒక్కడే రోడ్డువైపు నిలబడ్డాడు. మా పేర్లన్నీ గోడవైపు తిరిగి, తమ్ముడి సిమెంటులోనే కూరుకుపోయాయి. అత్త ఆ అక్షరాల మీద చెయ్యేసి తీయలేదు. నాకు ఊరుకోబుద్ధి కాక "గారు పెట్టించమంటావా అత్తా?" అన్నాను.

"నాయన్ని ఎవరన్నా గారంటారంట్రా, ఎర్రిమొగమా" అంది.

ఇప్పుడు మా పేర్లు చదవాలంటే గోడ పడగొట్టాలి. (ఆ ఆలోచన ఒకటి రెండుసార్లు రాకపోలేదు.) అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను. ఆ రోజు అక్కడున్నవాళ్ళు: అంకయ్య, ఆయన కూతురు, సర్పంచ్ గారు, సర్పంచ్ భర్త గారు, రాళ్ళ మిల్లు బావ గారు, సిమెంటు కొట్టు తమ్ముడు గారు, మస్తాన్ మామ గారు. చివర మూలలో నేను. అక్షరాల పడుచుదనం తగ్గింది, నాకు గారు అక్కర్లేదు.