దుప్పటమ్మ చెప్పిన నిజం

వీధిలో ఆమెను దుప్పటమ్మ అంటారు. ఎవరు పెట్టారో గాని పేరు అతికినట్టు సరిపోయింది. మొగుడు తాగి కాలవలో పడితే కాలు జారిందంది. కొడుకు బడి ఎగ్గొడితే జ్వరమంది. అదే కొడుకు పెద్దవాడై, నొప్పి మాత్రలకు బానిసై, ఇంట్లో గిన్నెలు ఒక్కొక్కటే మాయం చేస్తుంటే మాట్లు వేయించడానికి ఇచ్చానంది. ఏ గుట్టు బయటపడబోయినా ఒక అబద్ధం తెచ్చి నిండుగా కప్పేది.

కప్పడానికి వీలుకాని రోజొకటి వచ్చింది. కొడుకు మందుల షాపు వెనక తలుపు విరగ్గొట్టి మాత్రల డబ్బాలు ఎత్తుకొచ్చాడు. ఆ రాత్రంతా వాడు తన పక్కనే పడుకున్నాడని ఆమె కోర్టులో ప్రమాణం చేసి మరీ చెప్పింది. షాపు కెమెరాలో వాడి మొహం చందమామలా వెలిగిపోతోంది. జడ్జికి కూడా నవ్వాగలేదు. ఎవరిమీదా చెయ్యి చేసుకోలేదు కనుక జైలు బదులు వైద్యం అన్నాడు. ఏడాదిపాటు చికిత్స కేంద్రానికి రావాలి, ఏదైనా పని చేసుకోవాలి, పిలిచినప్పుడల్లా మూత్రం ఇవ్వాలి. అందులో మాత్రల జాడ కనిపిస్తే జైలే. జైలు తలుపుకి కొత్త రంగు వేశారు గాని గడియ పాతదే.

కొడుకు గేట్లు చేసే వెల్డింగ్ షాపులో చేరాడు. ఆమె కాళ్ళావేళ్ళా పడి ఆ కేంద్రంలోనే ఆయాగా చేరింది. వరండాలు తుడవాలి, బాత్‌రూముల దగ్గర నింపి పెట్టిన సీసాలను ట్రేలో పరీక్ష గదికి చేర్చాలి. ఎవరి సీసా ఎవరు మోస్తున్నారని ఎవరూ అడగలేదు. ఆయా మొహం ఎవరు చూస్తారు?

గడువు దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం కొడుకు గోడ పట్టుకుని ఇంటికొచ్చాడు. కళ్ళు నిప్పుకణికల్లా ఉన్నాయి. నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఏంట్రా ఆ కళ్ళు?"

"వెల్డింగ్ వెలుగు కొట్టిందమ్మా. నల్లద్దం పగిలిపోయింది, ఓనరు కొత్తది తేలేదు. బంగాళాదుంప ఉందా?"

"కళ్ళు మండుతుంటే బంగాళాదుంపేంట్రా? కూర వండమంటావా?"

"ముక్కలు కోసి కళ్ళమీద పెట్టుకుంటే చల్లగా ఉంటుందంట. మా మేస్త్రీ చెప్పాడు."

"అప్పట్లో కళ్ళెర్రబడితే ఉల్లిపాయ తరిగానన్నావు. ఇప్పుడు బంగాళాదుంపా? నీ కళ్ళకి కూరగాయల బజారంతా తెచ్చినా చాలదురా."

"నమ్మకపోతే మానెయ్. ముక్కలు మాత్రం కొయ్యి తల్లీ."

కోసిచ్చింది. వాడు రెండు ముక్కలూ కళ్ళమీద వేసుకుని చాపమీద వెల్లకిలా పడుకున్నాడు. ఆమెకు అవి చిన్న చిన్న దుప్పట్లలా కనిపించాయి. జన్మంతా కప్పడమే పనిగా బతికిన మనిషికి, కప్పినదాని కింద తప్పు తప్ప ఇంకేం తోస్తుంది?

మర్నాడు పొద్దున్నే కేంద్రం నుంచి పిలుపొచ్చింది. కొడుకు వెళ్ళి ఇచ్చాడు. బాత్‌రూముల దగ్గర కిటికీ గట్టుమీద వాడి పేరు అంటించిన సీసా, ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆమె ట్రేతో సహా ఆడవాళ్ళ బాత్‌రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. సీసాలోది పారబోసింది. తనది పట్టింది. బిడ్డ గండం గట్టెక్కిందనుకుంది.

వంగి వంగి వరండాలు తుడిచి ఆమె నడుము ఎప్పుడో విరిగింది. మందుల షాపువాడు ఇచ్చిన నొప్పి మాత్ర రోజూ వేసుకుంటేనే లేవగలదు. తనది మందు, కొడుకు మింగింది విషం అనుకుంది. రెండూ ఒకే కొమ్మ కాయలని ఆమెకు ఎవరు చెప్పారు గనక!

వారం తర్వాత డాక్టరమ్మ తల్లీకొడుకులిద్దరినీ గదిలోకి పిలిచింది.

"ఇన్నాళ్ళు బాగానే ఉన్నావు కదయ్యా. ఒడ్డుకొచ్చాక మునగడమేంటి?"

"నేను ముట్టలేదు మేడమ్. మళ్ళీ ఇస్తాను, ఇప్పుడే చూడండి."

"వారం దాటింది. ఇప్పుడేం కనిపిస్తుంది? కాగితం కోర్టుకి వెళ్ళిపోయింది."

దుప్పటమ్మ చేతిలో చీపురు కిందపడింది. "అది నాదమ్మా! వాడిది పారబోసి నాది పట్టాను."

డాక్టరమ్మ ఆమెను జాలిగా చూసింది. "వాడు ఆ రాత్రి నీ పక్కనే పడుకున్నాడని చెప్పింది కూడా నువ్వే కదమ్మా."

"అది అబద్ధం. ఇది నిజం."

"అప్పుడూ ఇలాగే అన్నావు."

"పోనీ, నాది పరీక్ష చేయండి."

"చేస్తే నువ్వు మాత్రలు వేసుకుంటున్నావని తేలుతుంది. వాడు వేసుకోలేదని తేలదుగా."

గేటు దగ్గర కానిస్టేబుల్ వచ్చి నిలబడ్డాడు. కొడుకు ఆమె వైపు తిరిగాడు. వాడి కళ్ళు పాలలా తెల్లగా ఉన్నాయి.

"చెప్పానుగా అమ్మా, వెలుగు కొట్టిందని," అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఆమె ఇంటికొచ్చేసరికి పక్కింటావిడ గుమ్మంలో ఉంది. "మీవాడు వెంట రాలేదేం వదినా? ఊరెళ్ళాడా?"

అలవాటుగా నోరు తెరిచింది. అబద్ధం ఒక్కటీ రాలేదు.

"జైలుకెళ్ళాడు. వాడి తప్పేం లేదు."

"అయ్యో, ఎందుకుంటుంది వదినా," అంటూ పక్కింటావిడ నవ్వు బిగబట్టుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది.