రెండు పక్కలా పెరిగినయి

నోటిదురుసు వల్ల కొంపలు మునుగుతాయంటారు. నాది చెవిదురుసు. దానివల్ల నా భార్య సుజాత ప్రాణమే మునగబోయింది. తిట్టుకోవడం చివరికి వాయిదా వేసి, వినండి.

పెళ్లయిన చాలా ఏళ్లకు, సూర్యాపేటలో సంతాన చికిత్స చేయిస్తే సుజాతకు నెల తప్పింది. వెంటనే కడుపు ఉబ్బడం మొదలైంది. స్కానింగుకు తీసుకెళ్తే, తలుపు సందులోంచి డాక్టరమ్మ మాట వినిపించింది: "రెండు పక్కలా బాగా పెరిగినయి."

రెండు! ఆవిడ బయటికొచ్చి, "ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా వెంటనే తీసుకురండి" అన్నారు. "అట్లనే మేడం" అన్నాను గాని, నా చెవుల్లో అప్పటికే రెండు ఉయ్యాలలు కిర్రుకిర్రుమంటున్నాయి.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. నాకు ఆలూ ఉంది, చూలూ ఉంది. ఇంకేం, ఏకంగా ఇద్దరు సోమలింగాలను కనేశాను! మిర్యాలగూడలో నేను పనిచేసే రైస్‌మిల్లులో లారీ డ్రైవర్లతో సహా అందరికీ కోవా పంచాను.

రెండు రోజుల్లో సుజాత కడుపు మా మిల్లులో నానబెట్టిన వడ్లలా ఉబ్బింది.

"ఏమయ్యా, ఊపిరాడుతలేదు. పొద్దటిసంది బాత్రూముకు గూడ పోలే."

"ఇద్దరున్నరు గదనే! జర ఇరుకైతది మరి."

కోదాడ నుంచి వచ్చిన మా అత్తగారు గడపలోనే ఆగిపోయారు. "ఏందయ్యా ఇది? నెల తప్పి నాలుగు రోజులు కాలేదు, పొట్ట తొమ్మిదో నెల్లా ఉందేంటి?"

"కవలలు అత్తమ్మా!"

"కవలలు కాదు, నీ తలకాయ! పిల్ల పెదాలు నల్లబడుతున్నాయి, కారు తియ్యి!"

సూర్యాపేట చేరేసరికి సుజాతకు మాట లేదు. డాక్టరమ్మ ఆమెను ఐసీయూలోకి పంపి నావైపు తిరిగారు.

"ఆయాసం వస్తే తీసుకురమ్మన్న గదా?"

"కడుపుల ఇద్దరు గద మేడం, అందుకే అనుకున్న."

"ఏ ఇద్దరు?"

"మీరే అన్నరు, రెండు పక్కలా పెరిగినయని."

"అవి అండాశయాలయ్యా! ఇంజక్షన్ల దెబ్బకు బత్తాయిల లెక్క ఉబ్బినయి. వాటివల్ల ఊరిన నీరే కడుపు నిండి, ఊపిరితిత్తుల దాకా వచ్చింది. పిల్లలైతే 'పెరిగిన్రు' అంటం గాని, 'పెరిగినయి' అంటమా?"

వ్యాకరణం తప్పితే మార్కులు పోతాయని తెలుసు. మనిషే పోతుందని ఏ పంతులూ చెప్పలేదు.

సూదితో నీరు తీస్తుంటే సీసాల మీద సీసాలు నిండాయి. మర్నాడు సుజాత కళ్లు తెరిచి, "కడుపు నిలిచిందా?" అంది.

"నిలిచింది. ఒక్కరే" అన్నాను ఏడుస్తూ.

"ఒక్కరే చాలు. ఇంకోటి నువ్వున్నవ్ గద సాకనీకి."

పాప ఇప్పుడు బడికి పోతోంది. మిల్లువాళ్లు మాత్రం ఇప్పటికీ నన్ను ఆపి, "రెండోది ఎట్ల పోయిందన్నా, పాపం?" అని జాలిపడతారు. అయ్యలారా, రెండోది పోలేదు. అసలు రానే లేదు! ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట డాక్టరు పలికిన ప్రతి వాక్యంలో కర్త ఎవరో తేల్చుకోనిదే దవాఖాన మెట్టు దిగను.