కాంటా కాడ నా సర్టిఫికెట్

మొన్న సోమారం నేను చేసిన పనికి క్యాంటీన్ల ఇంకా నన్ను చూసి నవ్వుతున్నరు. వేరేటోళ్లు కలిపి చెప్పకముందే నేనే చెప్త, ఇనుండ్రి.

నేను మేళ్లచెరువు కాడ సిమెంటు ఫ్యాక్టరీల కంప్యూటర్ ఆపరేటర్‌ను. లారీల గేట్‌పాసులు నా రూంల ఉన్న పెద్ద కంప్యూటర్ల తయారై, వైరు మీద లారీలు తూకమేసే కాంటా రూముకు పోతయి. అక్కడ జబ్బార్ సాబ్ కూసుంటడు. ఇరవై ఏండ్ల సర్వీసు. నడుమ ఎవడన్న పాసు మారిస్తె ఎట్లనని మేనేజర్ సారుకు ఫికర్ పట్టుకుంది. తాళమేసినట్టు పంపొచ్చు సార్ అని నేనే ముందటవడ్డ.

దానికి 'గిది మన కంప్యూటరే' అని చెప్పే సర్టిఫికెట్ గావాలె. బయటి దేశం కంపెనీలు ఇస్తయి. అది ఒచ్చేదాక నాకు ఓపికేది? నేనే తయారుజేసి, నేనే సంతకం వెట్టిన. సర్టిఫికెట్ గడువు దాటితె పాసు తీసుకోవద్దని కాంటా కంప్యూటర్ల గట్టిగ రాసిన గూడ. గడువు ఎన్నిరోజులో మాత్రం రాయలే. రాయకుంటె నెల రోజులే ఉంటదని నాకెర్కలే.

సోమారం పొద్దుగాల నెల నిండింది. ఒక్క పాసు గూడ వస్తలేదని జబ్బార్ సాబ్ ఫోన్ చేసిండు. ఉరికిన. గేటు కాడ పది లారీలకు పైనే ఉన్నయి. ముందటి లారీ డ్రైవర్ యాదయ్య. రామన్నపేటల తన సొంతింటి స్లాబుకే సిమెంటు తీస్కపోతుండు. కూలోళ్లు ఒచ్చి కూసున్నరట. "సారూ, జర జల్ది" అని చేతులు జోడించిండు.

మళ్ల నా రూముకు ఉరికిన. కరెంటు పోయొచ్చింది, కంప్యూటర్ తారీఖు అడిగింది. గోడ మీది క్యాలెండర్ చూసి కొట్టిన. కొత్త సర్టిఫికెట్ ఏడాదికి చేసి కాంటాకు ఉరికిన. పాసులు మళ్ల రాలే. జబ్బార్ సాబ్ అద్దాలు పెట్టుకొని స్క్రీన్ మీదిది నిమ్మళంగ చదివిండు.

"నరసిమ్మా, ఇది రేపటికెల్లి చెల్లుతదంట. యాదయ్యను రేపు రమ్మందామా?"

పొద్దున తొందరల క్యాలెండర్ కాయితాలు రెండు ఒక్కసారే చింపిన.

మళ్ల ఉరికి, తారీఖు సరిజేసి, మూడోది చేసి, చెమటలు కార్చుకుంట ఒస్తె గేటు కాడ ఒక్క లారీ లేదు. జబ్బార్ సాబ్ పాత పాసుబుక్కు తీసి, కార్బన్ పెట్టి, చేత్తోని రాసి అన్నిటిని తోలిండు. యాదయ్యనే ఫస్టు పోయిండు.

సాయంత్రం మేనేజర్ సార్ పిలిచిండు. రెండువేల సంవత్సరం రాంగనే కంప్యూటర్లు ఆగుతయని పేపరోళ్లు రాస్తుంటె, నువ్వు ముందుగాలనే ఆపినవా అన్నడు. ఏమైందో రాసియ్యమన్నడు. పేజీ నిండ రాసి, కింద సంతకం వెట్టి ఇచ్చిన. సార్ సంతకం దిక్కు జూసిండు, నా దిక్కు జూసిండు.

"నీ సంతకం ఒక్కటే ఉన్నది. ఇది నిజమేనని జబ్బార్ సాబ్‌తోని గూడ పెట్టిచ్చుకొని రా."

పోయిన. జబ్బార్ సాబ్ చాయ్ తాగుకుంట మొత్తం చదివి, రెండు తప్పులు దిద్ది, సంతకం పెట్టిండు. కింద తారీఖు ఎయ్యమని నాకిచ్చిండు. మళ్ల ఏమనుకున్నడో ఏమో, కాయితం గుంజుకొని తనే ఏసుకున్నడు.